పేరిందేవమ్మ దాచిన మూడు దినుసులు

అనగనగా... ఎన్నేళ్ళ కిందట అని మాత్రం అడక్కండి, లెక్క చెప్పగలిగిన వాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. ఒక కొండ కింద మబ్బుపాలెం అనే ఊరుండేది. కార్తీక మాసం వచ్చిందంటే చాలు, కొండ మీంచి మంచు దిగి ఊళ్ళో కూర్చునేది. మాఘం దాటితే గానీ లేచేది కాదు. పట్టపగలే ఎదురింటి గుమ్మం కనపడేది కాదు. ఎవరు నోరు తెరిచి మాట్లాడినా తెల్లగా ఆవిరి వచ్చేది. ఆ ఆవిరిని చూసే మనిషి ఎక్కడున్నదీ పోల్చుకునేవారు. పిల్లలూ, ఈ ఆవిరి సంగతి గుర్తుపెట్టుకోండి. తర్వాత పనికొస్తుంది.

మంచుతో పాటే దగ్గు కూడా దిగేది. ఈ ఇంట్లో ఖళ్ళుమంటే ఆ ఇంట్లో ఖంగుమనేది. ఆ ఊరి దగ్గుకి ఒకటే మందు, పేరిందేవమ్మ చేసే లేహ్యం.

పేరిందేవమ్మ చేతివంట మాట ముందు చెప్పాలి. ఆవిడ మిరియాల చారుకి పోపు పెడితే వీధి చివర తింటున్న వాళ్ళు ఇంకో ముద్ద కలుపుకునేవారు. వేడన్నంలో శొంఠిపొడి, నెయ్యి వేసి మొదటి ముద్ద పెట్టిందంటే పడిశం పట్టిన ముక్కు ఠక్కున తెరుచుకునేది. అంత పనిమంతురాలు. అయితే ఒక గుణం ఉంది. ఎవరైనా వచ్చి "ఇదెలా చేశావు?" అని అడిగితే కాదనేది కాదు, నవ్వుతూ అంతా చెప్పేది. అంతా అంటే, ఒక్కటి తక్కువ. పులిహోర అడిగిన వాళ్ళకి ఇంగువ మాట చెప్పేది కాదు. కందిపొడి అడిగిన వాళ్ళకి జీలకర్ర మాట మింగేసేది. వాళ్ళు ఇంటికెళ్ళి చేసుకుని, నాలుక చప్పరించి, "ఏమిటో, ఆవిడ చెయ్యి ఆవిడదే" అనేవారు. ఆ మాట చెవిన పడ్డ రోజు పేరిందేవమ్మకి అన్నం అక్కర్లేదు. నవ్వకండి, మీ ఇళ్ళల్లోనూ వెతికితే ఇలాంటి వాళ్ళు ఒకరైనా దొరుకుతారు.

ఇక లేహ్యం. దానికి ఏడు దినుసులు. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు మట్టి మూకుట్లో దోరగా వేయించి దంచాలి. అడ్డసరం ఆకు నిప్పుల మీద వెచ్చచేసి రసం పిండాలి. తాటిబెల్లం పాకం పట్టి, అందులో ఆ రసం పోసి, పొడి చల్లి, నెయ్యి వేసి, గరిటెకి అంటుకునేదాకా కలియబెట్టి దించాలి. చల్లారాక తేనె కలపాలి. అంతే. మీకు ఏడూ చెప్పేశాను, నాకేం పోయింది?

పేరిందేవమ్మకి ఉన్నది ఒక్క మనవరాలు. పేరు మాణిక్యం, ఆరేళ్ళది. తల్లి పురిట్లోనే పోయింది. తండ్రి ఉప్పు బళ్ళు తోలుకుంటూ పై దేశాలు తిరుగుతాడు, ఏరువాకకి గానీ ఇల్లు చేరడు. ఆ పిల్లే ఆవిడకి లోకం.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. వీధి గుమ్మంలోకి వచ్చేవాళ్ళు చుట్టాలు, దొడ్డి గుమ్మంలోకి వచ్చేవాళ్ళు అన్నార్తులు. దొడ్డి గుమ్మంలో నిలబడి అడిగిన వాళ్ళకి లేదనకూడదు, వట్టి చేతులతో పంపకూడదు. ఎంత కసురుకున్నా చివరికి ఏదో ఒకటి ఇచ్చి "పట్టుకుపో" అనాల్సిందే.

ఒక ఏడాది మంచు మరీ తొందరగా దిగింది. కుమ్మరి వాళ్ళ కోడలు గవరమ్మ వీధి గుమ్మంలోకి వచ్చింది.

"అత్తా, మా ఆయనకి దగ్గు. సారె ముందు కూర్చుంటే కుండ లేచేలోపల నాలుగుసార్లు దగ్గుతున్నాడు, కుండలన్నీ వంకర్లు పోతున్నాయి. మాటిమాటికీ నీ మీద పడటం ఏం బాగుంటుంది? ఎలా చేయాలో చెబుదూ, నేనే చేసుకుంటాను."

పేరిందేవమ్మ కూర్చోబెట్టి చెప్పింది. శొంఠి చెప్పింది, మిరియాలు చెప్పింది. పిప్పళ్ళ దగ్గరికి వచ్చేసరికి నాలుక దానంతటదే పక్కకి తిరిగింది. 'అన్నీ చెప్పేస్తే రేపు నా గుమ్మం ఎవరు తొక్కుతారు?' అనుకుంది. పిప్పళ్ళు వదిలేసి అడ్డసరంలోకి వెళ్ళిపోయింది. గవరమ్మ చేతివేళ్ళ మీద లెక్కపెట్టుకుని, నాలుగు దణ్ణాలు పెట్టి వెళ్ళింది.

ఆవిడ వీధి గుమ్మం దాటిందో లేదో, దొడ్డి గుమ్మం గొళ్ళెం కదిలింది.

ఒక ముసలమ్మ. నల్ల కంబళి నెత్తి మీంచి కాళ్ళదాకా కప్పుకుని ఉంది. మొహం కనపడలేదు. గొంతు ఎండుటాకులు తొక్కినట్టు ఉంది.

"ఆవిడకి పెట్టకుండా దాచింది నాకు పెట్టు తల్లీ."

పేరిందేవమ్మ ఉలిక్కిపడింది. 'ఇది ఎప్పటినుంచి వింటోంది?' అనుకుంది. మళ్ళీ, 'ముష్టిదాని పిచ్చిమాట' అని సర్దిచెప్పుకుని, సీసాలోంచి చిటికెడు పిప్పళ్ళు తీసి దాని కంబళి కొంగులో పోసి, "పట్టుకుపో" అంది.

ముసలమ్మ వెళ్ళింది. అది వెళ్ళాక పేరిందేవమ్మకి ఒకటి తోచింది. అంత చలిలో ఆ ముసలిది మాట్లాడితే కంబళిలోంచి ఆవిరి రాలేదు. 'మూతి కప్పుకుంది కదా, అందుకే' అని చారు పోపులో పడిపోయింది.

మర్నాడు పొద్దున్న అలమర సర్దుతుంటే ఒక సీసా చేతికి తగిలింది. లోపల నల్లగా, గరుగ్గా, చచ్చిన గొంగళిపురుగుల్లాంటివి ఉన్నాయి. వాసన చూసింది. ఏ వాసనా లేదు. వాటి పేరేమిటో నోటికి రాలేదు. "ఛీ, పురుగులు పట్టిపోయాయి" అని పెంటపోగులో పారబోసింది.

మాణిక్యం చూసింది. "నాయనమ్మా, అవి మందులో వేసేవి కదూ?"

"ఏ మందులో? పో, ఆడుకో" అంది ఆవిడ. ఆవిడకి నిజంగానే తెలియలేదు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

పది రోజులు గడిచాయి. నేతపని వాళ్ళ కోడలు నూకాలు వచ్చింది. నెమ్మదైన పిల్ల, మాట పైకి రాదు.

"పిన్నీ, మా మామగారికి మూడు రోజుల్నుంచీ నిద్ర లేదు. మగ్గం గుంటలో దిగితే చలి, పైకొస్తే ఆయాసం. ఆయన నన్ను కోడలిగా చూళ్ళేదు పిన్నీ, కన్నకూతురిలా చూశారు. ఎలా చేయాలో చెప్పవా?"

పేరిందేవమ్మ జాలిపడింది. నిజంగానే పడింది. చెప్పడం మొదలుపెట్టింది. మధ్యలో ఒకచోట తడబడితే నూకాలే, "పిప్పళ్ళు కూడా వేస్తారంటారు కదా పిన్నీ?" అంది. "ఆఁ, అదే, అదే" అంది పేరిందేవమ్మ. అలా ఆ పేరు నూకాలు నోటినుంచే వచ్చింది, వచ్చినట్టే ఈవిడ చెవిలోంచి జారిపోయింది. అడ్డసరం దగ్గరికి వచ్చాక మళ్ళీ పాత గుణం. 'అది ఒక్కటీ వదిలేస్తే ఏమవుతుంది? ముసలాయనకి కొంచెం ఆలస్యంగా తగ్గుతుంది, అంతేగా' అనుకుంది. ఆ ఆకు మాట చెప్పలేదు.

దొడ్డి గుమ్మంలో గొళ్ళెం కదిలింది.

"ఆవిడకి పెట్టకుండా దాచింది నాకు పెట్టు తల్లీ."

ఈసారి గొంతు కాస్త తడిగా ఉంది. ఎక్కడో విన్న గొంతులా ఉంది. పేరిందేవమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. అయినా దొడ్డి గుమ్మం కదా, లేదనకూడదు. కంచె దగ్గర అడ్డసరం మొక్క నుంచి నాలుగాకులు తుంపి ఇచ్చి, "పట్టుకుపో" అంది. ఈసారి కూడా ఆవిరి లేదు. కంబళి కింద పాదాలు కనిపించాయి. తడి నేల మీద నడిచి వెళ్ళింది, అడుగులు మాత్రం పడలేదు.

మర్నాడు పేరిందేవమ్మ దొడ్లో నిలబడి, "ఈ పిచ్చిమొక్క ఎవరు వేశారే ఇక్కడ?" అంది. గునపం తెచ్చి అడ్డసరాన్ని వేళ్ళతో సహా పీకేసింది.

మూడోసారి పోలమ్మ వచ్చింది. గొర్రెల కాపరి పెళ్ళాం. పేరిందేవమ్మ ఈడుది, నోటి దురుసు మనిషి. తనకే దగ్గు పట్టింది.

"వదినా, రాత్రంతా నేను దగ్గుతుంటే మందలో కుక్కలు జవాబు చెబుతున్నాయి. మా ఆయన ఎవరిని అదిలించాలో తెలియక ఇద్దర్నీ తిడుతున్నాడు. ఆ లేహ్యం గుట్టు ఏమిటో చెప్పి పుణ్యం కట్టుకో."

ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు. నవ్వుకుంటూనే పేరిందేవమ్మ చెప్పింది. తడబడ్డచోటల్లా పోలమ్మే అందించింది. పిప్పళ్ళూ, అడ్డసరమూ వేస్తారని ఆవిడ ఎక్కడో విని ఉంది. కొలతలు, వేయించే పదును పేరిందేవమ్మ చెప్పింది. చివర తేనె దగ్గర ఆగి, "దించెయ్, అయిపోయింది" అంది. చల్లారాక తేనె కలిపే మాట పోలమ్మ ఎక్కడా వినలేదు మరి.

పోలమ్మ వెళ్ళేసరికే దొడ్డి గుమ్మంలో ముసలమ్మ వచ్చి నిలబడి ఉంది.

"పోలమ్మకి పెట్టకుండా దాచింది నాకు పెట్టు."

పేరిందేవమ్మ తేనె కుండలో గరిటె ముంచింది. ఆ గొంతు తనది. అచ్చం తనది. మాట చివర సాగదీసే తీరుతో సహా తనదే. తేనె దాని దోసిట్లో పోసి, "పట్టుకుపో, మళ్ళీ రాకు" అంది.

"ఇంకొక్కసారి వస్తాను" అంది ముసలమ్మ.

సాయంత్రానికి తేనె కుండ చూసి, ఎవరో జిగురు పోశారనుకుని పెరట్లో ఒంపేసింది. చీమ ఒక్కటీ దాని దగ్గరికి రాలేదు.

పుష్యమాసం వచ్చింది. నూకాలు మామగారు పోయారు. పేరిందేవమ్మ పలకరించడానికి వెళ్ళింది. నూకాలు మగ్గం పక్కన కూర్చుని ఉంది. సగం నేసిన పంచె మగ్గం మీద అలాగే ఉంది.

"నువ్వు చెప్పినట్టే చేశాను పిన్నీ. మూడు పూటలూ నాకించాను. నా చెయ్యే మంచిది కాదు. నీ చేత్తో చేసిందైతే బతికేవారు" అంది నూకాలు, తన అరచేతులు చూసుకుంటూ.

పేరిందేవమ్మ ఆ చేతుల వైపు చూసింది. ఈ పిల్లకి ఏదో దాచానే, ఏమిటది? గుర్తు తెచ్చుకోబోయింది. రాలేదు. గవరమ్మకి దాచిందేమిటి? అదీ రాలేదు. పోలమ్మకి దాచింది మొన్నటి మాట, అదీ రాలేదు. భయం వేసింది. ఎవరితోనూ చెప్పలేదు. 'పెద్దాయన, వయసైపోయింది' అని పైకి నాలుగు మాటలని ఇంటికొచ్చి, వీధి తలుపూ దొడ్డి తలుపూ బిగించేసింది. దగ్గు ఊరంతా తిరుగుతోంది. మాణిక్యాన్ని ఎవరి కంటా పడనివ్వకుండా నాలుగు గోడల మధ్యా దాచుకుంది.

దాచుకున్న నాలుగో రోజున మాణిక్యం దగ్గింది.

మామూలు దగ్గు కాదది. ముందు పిల్ల దగ్గేది, తర్వాత అటక మీది ఖాళీ కుండలోంచి అదే దగ్గు మళ్ళీ వినపడేది. పేరిందేవమ్మ పొయ్యి రాజేసింది. చేతికి తెలిసినంత చేసింది. శొంఠి, మిరియాలు, బెల్లం, నెయ్యి. తర్వాత ఏమిటి? చెయ్యి గాల్లో ఆగిపోయేది. సీసాలన్నీ తెరిచింది, మూసింది. ఒకసారి చేసింది, పిల్ల కక్కేసింది. రెండోసారి చేసింది, పిల్ల మింగలేకపోయింది. మూడోసారి చేసింది, పిల్ల గరిటె చూసి మొహం తిప్పుకుంది. పెదవులు నీలంగా అయిపోయాయి. పేరిందేవమ్మ పొయ్యి ముందు కూలబడి ఏడ్చింది. ఊరందరికీ మందు చేసి పెట్టిన మనిషి, తన ఇంటి పిల్లకి చేసుకోలేక ఏడ్చింది.

అప్పుడు మాణిక్యం నీరసంగా అడిగింది.

"నాయనమ్మా, నువ్వు ఇక్కడున్నావు కదా. దొడ్లో కూడా ఎలా ఉన్నావు?"

పేరిందేవమ్మ తల తిప్పింది. దొడ్డి తలుపు గొళ్ళెం వేసినట్టే ఉంది. తలుపు రెక్కల సందులోంచి కంబళి కనిపించింది. కంబళి లోపల మొహం కనిపించింది. ఆ మొహం తనది. నుదుటి మీద పొయ్యి రవ్వ పడి కాలిన మచ్చ కూడా ఉంది.

"ఎవతివే నువ్వు?" అంది పేరిందేవమ్మ.

"నువ్వు దాచినవి తిని బతికేదాన్ని. మూడు దాచావు, మూడూ పెట్టావు. కడుపు నిండలేదు. రేపు మధ్యాహ్నం వచ్చి నాలుగోది పట్టుకుపోతాను."

"నాలుగోది ఏమిటి? నేనింకేం దాచలేదు!"

ముసలమ్మ మంచం వైపు చూసింది. "తలుపులన్నీ మూసి దాచుకున్నావే, అది. దాచింది ఏదైనా నాదే. దొడ్డి గుమ్మంలో అడిగితే లేదనకూడదు కదా తల్లీ" అని మంచులోకి వెళ్ళిపోయింది.

పేరిందేవమ్మ పిల్లని దుప్పట్లో చుట్టి భుజాన వేసుకుని పరుగెత్తింది. ఎక్కడికి? ఆలోచించలేదు, కాళ్ళే గవరమ్మ ఇంటికి తీసుకెళ్ళాయి.

"గవరీ! తలుపు తీయవే!"

గవరమ్మ తలుపు సగం తీసి, మంచులోకి చూసి, బెదిరిపోయి వెనక్కి తగ్గింది. "ఎవరది? అత్త గొంతు వినపడుతోంది, ఆవిరి కనపడదేం?"

పేరిందేవమ్మ తన నోటి ముందు చెయ్యి పెట్టుకుని, "హా" అని ఊదింది. చల్లగా ఉంది. ఆవిరి లేదు. భుజం మీద పిల్ల నోటి నుంచి మాత్రం సన్నగా పోగులా వస్తోంది. ఆ క్షణాన ఆవిడకి తన ఊపిరి ఎక్కడికి పోతోందో, ఎవరికి పోతోందో తెలిసిపోయింది.

"నేనేనే గవరీ. నీ దగ్గర దాచిన దాన్నే. నీకు మందు చెప్పిన రోజు ఒక దినుసు చెప్పకుండా మింగేశాను. నీ చేతిలో తప్పు లేదు. నాదే తప్పు. ఏది మింగేశానో నాకే తెలియడం లేదిప్పుడు."

చెప్పీ చెప్పగానే ఆవిడ పెదవుల ముందు వెంట్రుకంత ఆవిరి కదిలింది. అది చూసి గవరమ్మ తలుపు పూర్తిగా తీసింది.

"అంటే మా ఆయన గొంతు ఇప్పటికీ బొంగురుగానే ఉండటం..."

"నా వల్లే."

గవరమ్మకి కోపం వచ్చింది, తిట్టింది కూడా. తిడుతూనే శాలువా కప్పుకుని, "పద, పిల్ల నీలబడిపోతోంది, తిట్లు తర్వాత" అంది.

పోలమ్మ ఇల్లు దగ్గరే. అక్కడా అదే మాట చెప్పింది. పోలమ్మ నోరు ఊరుకుంటుందా? "నీ చెయ్యి విరగా! నన్ను చూసి నవ్వుతూ, నా ముందే కూర్చుని దాచావా వదినా?" అంటూ దులిపేసింది. దులిపేసి, కర్ర పుచ్చుకుని ముందు నడిచింది.

నూకాలు గుమ్మం దగ్గర మాత్రం పేరిందేవమ్మ కాళ్ళు కదల్లేదు. అక్కడ చెప్పాల్సింది వేరు.

"నూకాలూ, నీ చెయ్యి మంచిదే. మీ మామగారికి నువ్వు చేసిన దాంట్లో లోటు నాది. ఒక దినుసు దాచాను" అంది, తల దించుకుని.

నూకాలు తన రెండు చేతులూ ఎత్తి చూసుకుంది. ఆ చూపు కంటే పోలమ్మ తిట్లే నయం అనిపించింది పేరిందేవమ్మకి.

"ఆయన పోయిన నాటి నుంచి ఈ చేతులు చూసుకుని ఏడుస్తున్నాను పిన్నీ" అంది నూకాలు. "మగ్గం ముట్టుకోవడానికి కూడా భయపడ్డాను. నిన్ను క్షమించానని చెప్పలేను. అబద్ధం ఎందుకు?" అని, పిల్ల మొహం మీది దుప్పటి తొలగించి చూసింది. "ఈ పసిదాన్ని మాత్రం పోనివ్వను. నడు."

ఆ నలుగురూ పేరిందేవమ్మ వంటింటికి చేరేసరికి చీకటి పడింది, ఆ మంచు చీకట్లో ఏదీ వెతికి తెచ్చే వీల్లేక రాత్రంతా అక్కడే ఉండిపోయారు. పిల్లని వంతులవారీగా ఒళ్ళో వేసుకున్నారు. మర్నాడు తెల్లవారాక పొయ్యి చుట్టూ కూర్చున్నారు.

"నేను దాచింది నాకు గుర్తు లేదు. ఎవరికి చెప్పింది వాళ్ళు పైకి చెప్పండి" అంది పేరిందేవమ్మ.

గవరమ్మ వేళ్ళు మడిచింది. "శొంఠి, మిరియాలు, అడ్డసరం, తాటిబెల్లం, నెయ్యి, తేనె."

నూకాలు అందుకుంది. "శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, తాటిబెల్లం, నెయ్యి, తేనె."

"ఆగాగు, పిప్పళ్ళా? నాకు పిప్పళ్ళు చెప్పలేదే!" అంది గవరమ్మ. "మేం మట్టి తవ్వే గుంట గట్టు మీద తీగలు తీగలుగా పాకుతుందే అది! నాకెందుకని రోజూ తొక్కుకుంటూ పోతున్నానే!"

"నాకు అడ్డసరం చెప్పలేదు" అంది నూకాలు. "మా దొడ్డి కంచె అంతా అడ్డసరమే పిన్నీ. మామగారు తన చేత్తో నాటిందే."

పోలమ్మ ఇద్దరి మొహాలూ చూసింది. "మీ ఇద్దరికీ తేనె చెప్పిందా? నాకు చెప్పలేదే! మా ఆయన కొండకి వెళ్ళినప్పుడల్లా తేనెపట్టు పిండి తెస్తాడు, మా అటక మీద కుండలకి కుండలుంది. ఈవిడ ఇంటికీ నేనే పంపాను! ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయేది వదినా?"

పేరిందేవమ్మ ముగ్గురి ఇళ్ళల్లోనూ ఉన్న మందునే ముగ్గురికీ లేకుండా చేసింది. సిగ్గుతో మొహం కొంగులో దాచుకోబోయి, చటుక్కున చెయ్యి దించేసింది. ఇంక ఏదీ దాచడానికి ధైర్యం చాల్లేదు ఆవిడకి.

ముగ్గురూ మూడు వైపులకి పరుగెత్తి మూడూ తెచ్చారు. మూకుడు వేడెక్కింది. పిప్పళ్ళు మూకుట్లో పడగానే ఘాటు లేచింది, ఆ ఘాటుతో పాటు పేరు కూడా పేరిందేవమ్మ నాలుక మీదికి వచ్చింది. ఆకు వెచ్చబడింది, రసం దిగింది, పాకం అంటుకుంది. దించి, చల్లారేదాకా ఓపిక పట్టారు. మాణిక్యం ఊపిరి ఈల వేస్తోంది. నూకాలే తేనె కలిపింది. నూకాలే వేలితో తీసి పిల్ల నాలుక మీద రాసింది.

"వీధి తలుపు తీసెయ్యండి. దొడ్డి తలుపు కూడా" అంది పేరిందేవమ్మ.

"మంచు వస్తుంది కదా!"

"రానివ్వండి. పిల్లని దాచను."

మధ్యాహ్నమైంది. దొడ్డి గుమ్మంలో కంబళి నిలబడింది. ఆ మొహం చూసి ముగ్గురాడవాళ్ళూ కెవ్వుమన్నారు. పొయ్యి దగ్గరొక పేరిందేవమ్మ, గుమ్మంలోనొక పేరిందేవమ్మ. తేడా ఒక్కటే, ఒకరి నోటి ముందు ఆవిరి ఉంది, ఇంకొకరికి లేదు.

"దాచింది పెట్టు తల్లీ."

పేరిందేవమ్మ పిల్లని ఎత్తుకుని అందరికీ కనపడేలా గుమ్మంలోకే వచ్చి నిలబడింది. వీధిలోకి వినపడేంత గట్టిగా చెప్పింది.

"శొంఠి! మిరియాలు! పిప్పళ్ళు! అడ్డసరం! తాటిబెల్లం! నెయ్యి! చల్లారాక తేనె! ఇదీ నా లేహ్యం. ఇది నా మనవరాలు, అందరూ చూస్తున్నారు. ఈ ఇంట్లో దాచింది ఇంకేమీ లేదు."

ముసలమ్మ కదల్లేదు. చాచిన చెయ్యి అలాగే ఉంది.

"వట్టి చేతులతో మాత్రం పంపను" అంది పేరిందేవమ్మ. గరిటెడు లేహ్యం తీసి ఆ చేతిలో పెట్టింది. "అందరికీ పెట్టిందే నీకూ పెడుతున్నాను. తిను."

ముసలమ్మ నాకింది. ఒక్కసారి ఒళ్ళంతా కదిలిపోయేలా దగ్గింది. ఆ దగ్గుతో కంబళిలోంచి బుస్సుమని తెల్లటి ఆవిరి వచ్చింది. పేరిందేవమ్మ మొహం దాని మీంచి చెరిగిపోయింది. అడుగున ఎవరో ముక్కూ మొహం ఎరగని ముసలమ్మ ఉంది, కళ్ళనిండా నీళ్ళతో.

"వెచ్చగా ఉంది" అంది, తన సొంత గొంతుతో. "దాచినవి ఎన్నో తిన్నాను. పెట్టింది తినడం ఇదే మొదలు."

ఆవిరి మంచులో కలిసిపోయింది. గడప మీద నల్ల కంబళి ఒక్కటే కుప్పగా పడి ఉంది. పోలమ్మ కర్రతో ఎత్తి చూసింది. లోపల మనిషి లేదు. చిటికెడు పిప్పళ్ళు, వాడని నాలుగాకులు, ఇంకా ఆరని తేనె చుక్క ఉన్నాయి. పొద్దు వాలేసరికి వాటికి చీమలు పట్టాయి.

పేరిందేవమ్మ భుజం మీద మాణిక్యం పెద్దగా ఊపిరి తీసుకుని, "నాయనమ్మా, ఆకలేస్తోంది" అంది. ఆ మాటకి పేరిందేవమ్మ భోరుమంది. నూకాలే లేచి మిరియాల చారు పెట్టింది, పిల్లకి తినిపించి నలుగురూ తిన్నారు. చారులో జీలకర్ర ఎంత వేయాలో పేరిందేవమ్మ అడక్కుండానే చెప్పింది.

ఆ తర్వాత ఏటా కార్తీకంలో మొదటి మంచు దిగిన రోజు పేరిందేవమ్మ వీధిలోకి పొయ్యి తెచ్చి పెట్టుకునేది. ఊరి ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి ఏడూ పైకి చెప్పేది. చెప్పడం అయ్యాక నూకాలు వైపు తిరిగి, "ఏమైనా వదిలేశానా?" అని అడిగేది. నూకాలు ఏడు వేళ్ళూ మడుచుకుని చూసుకుని, "లేదు పిన్నీ" అనేది. ఆ ఒక్క మాట కోసం పేరిందేవమ్మ ఏడాదంతా ఎదురుచూసేది.

పిల్లలూ, ప్రాణం నిలిపే విద్యని పదిమందికీ పంచితే అది మనల్ని కూడా కాపాడుతుంది. గుప్పిట్లో దాచుకుంటే అది మనకే లేకుండా పోతుంది.